కన్నవారినీ తోబుట్టువులనూ వెతుక్కునే హక్కుపై తీర్మానం

ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల నుంచీ, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, హొళగుంద, నందవరం, గోనెగండ్ల, పత్తికొండ, తుగ్గలి మండలాల నుంచీ వచ్చిన పెంపుడు బిడ్డలు, బిడ్డలను ఇచ్చిన కన్నవారు, తెచ్చుకుని సాకినవారు కలిసి కూర్చున్న ఈ సభ కింది తీర్మానాన్ని చర్చించి ఆమోదించింది. ఇక్కడ పెంపుడు బిడ్డలంటే అందరూ పద్దెనిమిదేళ్లు దాటినవారే. కొందరికి మనవళ్లు కూడా ఉన్నారు. సభ్యుల పేర్లు కావాలనే రాయలేదు.

సభ గమనించిన సంగతులు ఇవి.

మన వైపు బిడ్డను ఇవ్వడమూ తెచ్చుకోవడమూ నిన్నమొన్నటివి కావు. పిల్లలు లేని అక్కకు చెల్లెలు తన రెండో కొడుకును ఇవ్వడం, కాన్పులో తల్లి పోతే పసిగుడ్డును ఊళ్లో పాలున్న ఇంటికి చేర్చడం, మూడోసారీ ఆడపిల్లే పుడితే ఎవరో అడిగారని ఇచ్చేయడం, వానలు తప్పిన ఏడు గుంటూరు వైపు మిరప కోతల సుగ్గికి పోతూ చంటిదాన్ని తెలిసినవాళ్ల దగ్గర వదలడం, ఆ వదలడమే ఖాయమైపోవడం: వీటిలో ఏదో ఒకటి ఈ సభలో ప్రతి వరుసలోనూ ఉంది. ఇచ్చినవాళ్లు రాతిగుండెల వాళ్లనీ, తెచ్చుకున్నవాళ్లు ఎత్తుకొచ్చారనీ ఎవరూ అనుకోకూడదన్న మాట ముందే రాయాలని తల్లులు పట్టుబట్టారు. రాశాం.

ఎమ్మిగనూరులో మగ్గం ఇంట పెరిగిన ఒక సభ్యుడు తన దత్తత పత్రాన్ని సభకు చూపించాడు. మడతల దగ్గర చిరిగి, వెనక టేపు అతికించిన స్టాంపు కాగితం. ఇచ్చిన తండ్రి వేలిముద్ర, తెచ్చుకున్న తండ్రి సంతకం, ఇద్దరు సాక్షులు, కింద దస్తావేజు లేఖరి పేరు. ఇకమీదట ఈ పిల్లవానితో తనకు గానీ తన వారసులకు గానీ ఎటువంటి సంబంధమూ లేదని తండ్రి రాయించాడు. కన్నతల్లి పేరు ఒక్కచోట వస్తుంది, ఆమె వేలిముద్ర ఎక్కడా లేదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ప్రకారం తండ్రి బిడ్డను ఇవ్వాలంటే తల్లి సమ్మతి కావాలి. ఆ సమ్మతి ఈ కాగితంలో ఏదని సభలోని వకీలు అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ పిల్లవాడికి ముందు పుట్టిన ఇద్దరు అక్కల ఊసు ఆ పత్రంలో అసలే లేదు. వాళ్లు బతికి ఉన్నారని అతనికి తెలిసింది నలభై దాటాక, ఒక పెళ్లిలో, బంధువు నోరుజారితే.

ఇది ఒక్కరి సంగతి కాదు గనుకే ఈ తీర్మానం. అమ్మ ఎవరో తెలియాలన్న తపన అందరికీ ఉంది. కానీ మాలో చాలామంది వెతికేది తోబుట్టువుల కోసం. యాభై ఏళ్ల మనిషికి అమ్మ దొరికే అవకాశం తక్కువ. అక్కో తమ్ముడో ఇంకా బతికే ఉంటారు, పత్తి మార్కెట్ యార్డులో పక్కపక్కనే నిలబడి ఉండవచ్చు కూడా. అయినా చట్టం గానీ, ఆఫీసు గానీ, ఊరు గానీ ఈ బంధాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

శిశుగృహల నుంచో, గుర్తింపు పొందిన దత్తత సంస్థల నుంచో వెళ్లిన బిడ్డలకు ఒక దారి ఉంది. 2017 దత్తత నిబంధనల్లోనూ, 2022లో వాటి స్థానంలో వచ్చిన నిబంధనల్లోనూ, మూలాల అన్వేషణ అనే భాగం ఉంది. పద్దెనిమిదేళ్లు దాటినవారు కేంద్ర దత్తత సంస్థ ‘కారా’కు స్వయంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. బిడ్డను అప్పగించేటప్పుడు తన వివరాలు గోప్యంగా ఉంచాలని తల్లి కోరి ఉంటే, ఇప్పుడు మళ్లీ ఆమె అనుమతి అడగాలి. ఆమె వద్దన్నా, ఆచూకీ దొరక్కపోయినా, ఏ పరిస్థితుల్లో అప్పగించారో బిడ్డకు చెప్పాలి. మూడో మనిషి ద్వారా వెతికించడం కుదరదు. ఇవన్నీ మంచివే. కానీ అనుమతి మాట వచ్చినచోటల్లా తల్లిదండ్రుల గురించే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఏమంటారో విడిగా అడగాలన్న మాట లేదు. పైగా మాలో ఎక్కువమంది చేతి నుంచి చేతికి వెళ్లినవాళ్లం. మాకు ఫైలే లేదు, ‘కారా’ ఏం చూసి చెబుతుంది?

ఫైలు ఉన్నంత మాత్రాన అందులో ఉన్నది నిజమనీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లోనూ, మళ్లీ 2001లోనూ హైదరాబాదు, తాండూరుల్లోని కొన్ని ప్రైవేటు దత్తత సంస్థల మీద కేసులు పడ్డాయి. లంబాడా తండాల నుంచి ఆడబిడ్డలను దళారుల ద్వారా తక్కువ డబ్బుకు తెచ్చి, కాగితాలు సృష్టించి, విదేశీ దత్తతలకు పంపారన్నది అభియోగం. 2001లో ప్రభుత్వం ప్రైవేటు సంస్థల దత్తతలను ఆపి, అక్కడి పిల్లలను ప్రభుత్వ శిశువిహార్‌కు మార్చింది. తండాల్లో ఎందుకిలా జరిగిందో గీతా రామస్వామి, భంగ్యా భుక్యా అప్పట్లోనే అధ్యయనం చేశారు. 1998లో మన రాష్ట్రం నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్లను దత్తత తీసుకున్న అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు డేవిడ్ స్మోలిన్, తల్లి వాళ్లను దత్తతకు ఇవ్వనే లేదని తర్వాత తెలుసుకున్నాడు. బిడ్డల దొంగరవాణాను సక్రమమైన దత్తతగా ఎలా మారుస్తారో ఏళ్ల తరబడి రాశాడు. పత్తికొండ, తుగ్గలి వైపు సుగాలి (లంబాడా) తండాల నుంచి వచ్చిన సభ్యులు ఈ సంగతి విన్నప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆరోజు వెళ్లిన పిల్లలు ఇప్పుడు పాతికేళ్లు దాటినవాళ్లు. వెతుక్కుంటూ వచ్చే వయసు ఇదే.

మరొక సంగతి పెళ్లిళ్లది. దత్తత వెళ్లిన బిడ్డకు పుట్టింటితో బంధాలు తెగిపోతాయని చెప్పే 1956 చట్టమే, 12వ సెక్షన్‌లో ఒక మినహాయింపు పెట్టింది: పుట్టిన ఇంట్లోనే ఉండి ఉంటే ఎవరిని పెళ్లాడకూడదో, దత్తత వెళ్లాక కూడా వాళ్లను పెళ్లాడకూడదు. పుట్టిల్లు ఏదో తెలియనివాడు ఈ నియమాన్ని ఎలా పాటించాలి? మనం సంబంధాలు చూసేది ముప్పై నలభై కిలోమీటర్ల లోపు, ఒకే కులంలో, వీలైతే మేనరికంలో. ఇంటిపేరూ గోత్రమూ పెంచినవారివి చెబుతాం. ఒక సంబంధం నిశ్చితార్థం దాకా వచ్చి, ఊరి ముసలమ్మ ఒకామె పెళ్లికొడుకు తల్లిని పక్కకు పిలిచి చెవిలో చెప్పిన మాటతో ఆగిపోయిందని ఒక సభ్యురాలు చెప్పింది. ఆ ముసలమ్మ అంతకు ముందు ఏడాదే పోయి ఉంటే?

ఆదోని ముస్లిం కుటుంబాల సభ్యులు తమ పద్ధతి చెప్పారు. వాళ్లలో సాకిన బిడ్డకు కన్నతండ్రి పేరు మార్చకూడదు; ఒకే తల్లి పాలు తాగిన పిల్లలు పెళ్లాడకూడదు. అయినా బడిలో చేర్చేటప్పుడు, ఆధార్ తీసేటప్పుడు పెంచిన తండ్రి పేరే రాయించక తప్పడం లేదని అన్నారు. 2014లో షబ్నమ్ హష్మీ కేసులో సుప్రీంకోర్టు, ఏ మతం వారైనా బాలల న్యాయ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని చెప్పింది. ఆ దారిలో వెళ్లినవారు మా సభలో లేరు. కన్నతండ్రి పేరు నిలిపి ఉంచే వాళ్ల ఆచారం మిగతావాళ్లం గమనించదగ్గదని సభ అభిప్రాయపడింది.

కనుక సభ ఇలా తీర్మానించింది.

ఒకటి. పాత లెక్కలు ఏవీ చించవద్దు, కాల్చవద్దు, చెదలకు వదలవద్దు. గ్రామాధికారుల వ్యవస్థ 1984లో పోయింది, మరుసటి ఏడు తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. ఆ చేతులు మారడంలో జనన మరణాల పుస్తకాలు ఎక్కడెక్కడ సర్దుకున్నాయో తహసీల్దార్లు చూసి జాబితా చేయాలి. ఆసుపత్రుల కాన్పు రిజిస్టర్లు, బడుల ప్రవేశ రిజిస్టర్లు, పాత రేషన్ కార్డుల కౌంటర్‌ఫాయిళ్లు కూడా ఈ పనిలో కాగితాలే. ఒక సభ్యురాలికి తన పుట్టిల్లు తెలిసింది, రేషన్ కార్డులో ఎర్ర సిరాతో కొట్టేసిన పేరు వల్ల: ఆ పేరు తనదే. దత్తత పత్రాలు ఇల్లు, పొలం దస్తావేజుల్లా అందరికీ చూపించేవి కావు, నిజమే. కానీ ఏ బిడ్డను ఇచ్చి పుచ్చుకున్నారో ఆ బిడ్డే వచ్చి గుర్తింపు కార్డు చూపి అడిగితే, ఆదోని, ఎమ్మిగనూరు సబ్-రిజిస్ట్రార్లు నకలు ఇవ్వాలి. డెబ్బై దాటినవాళ్ల విషయంలో మరో మెలిక ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలోవి. వాళ్ల కాగితాల కోసం కర్ణాటక అధికారులకు రాయాల్సి రావచ్చు. ఆ ఉత్తరం కలెక్టరాఫీసు నుంచి వెళ్తేనే పని జరుగుతుంది, మా చేతి అర్జీతో జరగదు.

రెండు. కర్నూలులోని జిల్లా బాలల సంరక్షణ విభాగం నెలకోసారి ఆదోనిలోనూ, వీలైతే ఎమ్మిగనూరులోనూ కూర్చోవాలి. వంద కిలోమీటర్లు పోయి, కూలి పోగొట్టుకుని, సార్ మీటింగులో ఉన్నారని తిరిగి రావడం ఇప్పుడు జరుగుతున్నది. ఆన్‌లైన్ దరఖాస్తు అంటే నెట్ సెంటర్లో పదిమంది మధ్య కూర్చుని, నేను పెంపుడు కూతుర్ని, మా అమ్మ పేరు తెలియదు అని పైకి చెప్పడమే. దానికి ఒక గది కావాలి, గదిలో ఒక మహిళా ఉద్యోగి కావాలి.

మూడు. తోబుట్టువుల విషయం. ఈ తీర్మానంలో ఎక్కువ చర్చ దీని మీదే జరిగింది, కొందరు లేచి వెళ్లబోయారు కూడా. తల్లి కలవనంటే, ఆమె తర్వాత కన్న పిల్లలను అడగవచ్చా? అడిగితే, ఆమె భర్తకూ కోడళ్లకూ దాచిన సంగతి వాళ్ల ద్వారానే బయటపడుతుంది. అడగకపోతే, తనకొక అన్న ఉన్నాడని తెలిసే హక్కు ఆ పిల్లలకు లేకుండా పోతుంది. చివరికి సభ ఒప్పుకున్నది ఇది: తల్లి బతికి ఉండి వద్దంటే, ఆమె పిల్లల దగ్గరకు మన వైపు నుంచి ఎవరూ వెళ్లకూడదు. కానీ బాలల సంరక్షణ విభాగంలో తోబుట్టువుల పేర విడిగా ఒక రిజిస్టరు తెరవాలి. మాకు ఒక చెల్లెల్ని ఎవరికో ఇచ్చారని విన్నాం, ఆమె కావాలి అనుకునేవారు తమంత తాముగా అందులో పేరు రాయించుకోవచ్చు. ఇటు నుంచీ అటు నుంచీ పేర్లు పడినప్పుడే ఇద్దరికీ కబురు చెప్పాలి. తల్లి కాలం చేసి ఉంటే మాత్రం తోబుట్టువులను అధికారులే అడగాలి, వాళ్ల జవాబును వాళ్ల జవాబుగానే తీసుకోవాలి. పెద్దకొడుకు వద్దన్నాడని కూతుళ్లను అడగకుండా వదిలేయకూడదు. కవలలను విడదీసి ఇచ్చినచోట ఏ షరతూ లేకుండా ఇద్దరికీ చెప్పాలి. తల్లి కాదన్నా తోబుట్టువులను అడగాల్సిందేనని ఒక సభ్యురాలు చివరిదాకా వాదించింది. తన అసమ్మతిని రాయమంది. ఆమె వాదన: “మా అమ్మ రహస్యం అమ్మది. కానీ నేను ఆమె రహస్యాన్ని కాను, మనిషిని.” సభ దీన్ని యథాతథంగా నమోదు చేసింది.

నాలుగు. కన్నతల్లిని అడిగే తీరు. రిజిస్టరు పోస్టు పంపకూడదు. పల్లెలో ఆ కవరును ఆమెకన్నా ముందు వీధి చదువుతుంది. పోలీసు జీపు, సచివాలయం సిబ్బంది, ఊరి పెద్ద, ఎవరూ వద్దు. శిక్షణ ఉన్న ఒక మహిళ ఒంటరిగా వెళ్లాలి, ఆమె ఒంటరిగా దొరికినప్పుడే మాట్లాడాలి. మొదటిసారి కాదన్నదాన్ని ఆఖరి మాటగా రాయకూడదు, బతిమాలనూ కూడదు. కాలం గడిచాక మరొక్కసారి మర్యాదగా అడిగి ఊరుకోవాలి. కలవలేనంటే, ఒక ఉత్తరమో, ఇంట్లో చక్కెర వ్యాధి, గుండెజబ్బు వంటివి ఉన్నాయేమో చెప్పే నాలుగు మాటలో ఇవ్వగలదేమో అడగవచ్చు. దేవుడి పేర బసివిగా విడిచిన తల్లులకు పుట్టి, వేరే ఇళ్లలో పెరిగిన బిడ్డల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఆ ఆచారాన్ని 1988లో చట్టం నిషేధించింది. ఆ తల్లుల మీద పడ్డ మాట మాత్రం ఇంకా ఊళ్లలో ఉంది. తండ్రి పేరు చెప్పమని వాళ్లను ఏ అధికారీ ఒత్తిడి చేయకూడదు.

ఐదు. తెలిసినవాళ్లు నోరు విప్పేలా చూడాలి. మంత్రసానులు, పాత నర్సులు, సాక్షి సంతకాలు పెట్టినవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లు. అడిగితే, కేసు అవుతుందేమో అని తప్పుకుంటున్నారు. ఆ భయం ఉత్తదేం కాదు: 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం పద్ధతి తప్పి బిడ్డను ఇచ్చిపుచ్చుకోవడం నేరం, అమ్మడమూ కొనడమూ అంతకన్నా పెద్ద నేరం. ఎప్పుడో ఒక బిడ్డను ఆదరంతో ఒక ఇంటికి చేర్చినవాళ్లు ఇప్పుడు వచ్చి సమాచారం చెబితే, ఆ చెప్పడాన్నే పట్టుకుని వేధించకూడదని ప్రభుత్వాన్ని కోరుతున్నాం. డబ్బు తీసుకుని పిల్లలను చేతులు మార్చినవాళ్లకు ఈ మాట వర్తించదు. ఆ రెంటికీ తేడా తేల్చడం కష్టమని ఒక సభ్యుడు అన్నాడు. కష్టమే.

ఆరు. ఈ సభ ఎవరి తరఫునా వెతకదు. దరఖాస్తు నింపడంలో, కాగితాలు పోగు చేయడంలో, కన్నడంలో ఉన్న పత్రాలను చదివి చెప్పడంలో సాయపడుతుంది, అంతే. సిరుగుప్ప, రాయచూరు వైపు పెరిగి తెలుగు రాని తోబుట్టువులు వస్తే పక్కన కూర్చుని మాట కలుపుతుంది. జాడ చెబుతామని డబ్బు తీసుకునే వాళ్లెవరికీ ఈ సభతో సంబంధం లేదు. వాట్సాప్‌లో ఫోటోలు పెట్టి ‘ఈమె మీ ఊరిదేనా’ అని అడగడం సభ్యులు మానుకోవాలి. ఆ ఫోటో ఎవరి ఇంట్లో ఏ చిచ్చు పెడుతుందో తెలియదు.

ఏడు. ఆస్తి. గడప తొక్కగానే వచ్చే మొదటి అనుమానం ఇదే గనుక ముందే చెప్పుకుందాం. చట్టప్రకారం దత్తత వెళ్లిన బిడ్డకు పుట్టింటి ఆస్తిలో ఆ తర్వాత వాటా రాదు. దత్తతకు ముందే తన పేర సంక్రమించింది ఉంటే అది మాత్రం తనదే. ఈ సంగతి రెండు వైపులా ముందే చెప్పి పంపాలి. వెతుక్కుంటూ వచ్చినవారితో హక్కు వదులుకుంటున్నట్టు స్టాంపు కాగితం మీద రాయించుకోవాలని ఒక సవరణ వచ్చింది. సభ దాన్ని తోసిపుచ్చింది. ఇంతకు ముందు ఒక స్టాంపు కాగితం రాసే మమ్మల్ని ఇచ్చారు. పైగా ఇవ్వని బిడ్డను ఎత్తుకుపోయి దత్తత అన్నచోట, ఆ బిడ్డకు తెగిపోయిన హక్కేదీ లేదు.

ఎనిమిది. విదేశాల నుంచి వచ్చే మన పిల్లల విషయంలో 1993 హేగ్ ఒప్పందం 30వ అధికరణం ప్రకారం మూలాల సమాచారాన్ని భద్రపరచాల్సిన బాధ్యత ప్రభుత్వాలది. భారత్ 2003లో ఆ ఒప్పందాన్ని ధ్రువీకరించింది. మూతపడిన సంస్థల ఫైళ్లు ఎవరి దగ్గర ఉన్నాయో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రెండూ బహిరంగంగా చెప్పాలి. ఫైలులో రాసింది అబద్ధమని తేలితే, ఆ మాట కూడా ఫైలులోనే రాయాలి.

తొమ్మిది. డీఎన్ఏ పరీక్ష మీద ఎక్కువ ఆశ వద్దు. విదేశీ కంపెనీల జాబితాల్లో కౌతాళం వాళ్లూ గోనెగండ్ల వాళ్లూ ఉండరు. ఇద్దరు మనుషులు ఎదురుపడి, అవునో కాదో తేల్చుకోవాలన్నప్పుడు పనికొస్తుంది. పేదవారికి ఆ ఖర్చు ప్రభుత్వం భరించాలి.

పది. పెంచినవారు బిడ్డకు నిజం చెప్పాలి, బడిలో మరెవరో చెప్పకముందే. ఈ అంశాన్ని ప్రతిపాదించింది సాకిన తల్లి ఒకామె, బలపరచింది ఆమె కొడుకు. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు తెలిసినంతవరకు పుట్టింటి ఇంటిపేరు చెప్పడం తప్పనిసరి అని కూడా కలిపి ఆమోదించాం.

మూడో అంశం ఒకరి అసమ్మతితోనూ, మిగిలినవి ఏకగ్రీవంగానూ ఆమోదం పొందాయి. ఈ తీర్మానం ప్రతులు కర్నూలు జిల్లా కలెక్టరుకు, జిల్లా బాలల సంక్షేమ కమిటీకి, ఆదోని సబ్-కలెక్టరుకు, రెండు పట్టణాల సబ్-రిజిస్ట్రార్లకు, మున్సిపల్ కమిషనర్లకు, ‘కారా’కు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మహిళా శిశు సంక్షేమ శాఖలకు పంపాలి. ఒకటో అంశంలోని బళ్లారి కాగితాల భాగాన్ని కన్నడంలోకి రాయించి, బళ్లారి జిల్లా అధికారులకు విడిగా పంపే పని హొళగుంద సభ్యులు తీసుకున్నారు.